కనబడని చేతికి గుర్తింపు

విందులో వడ్డించువారిని అందఱును జూతురు. వంటయింట పొయ్యికడ నిలిచినవారి నెవ్వరును జూడరు. 2020వ సంవత్సరమున కరోనా వ్యాధి ప్రబలి కార్యాలయములు మూతపడినది మొదలు ఇంటనుండియే కంప్యూటరుపై ఉద్యోగము చేయు సోదరీమణు లనేకులు. వారి స్థితియు నిట్టిదే యని మాకు దోచుచున్నది.

కార్యాలయమున నొకరి కష్టము ప్రక్కవారి కంటబడును. ఇంట నట్లు కాదు. తోడివారి లెక్కలోని తప్పును రాత్రి మేలుకొని దిద్దినను, క్రొత్తగా చేరినవారికి పని నేర్పినను, దూరమున నున్న యధికారికి దెలియదు. జీతము పెంచునప్పు డా మేలు లెక్కకు రాదు. తెలిసినవారు తోడి యుద్యోగులే. కావున చెప్పవలసినవారును వారే.

పలు దేశములవారు తమ యిండ్లనుండియే పనిచేయు గిట్‌ల్యాబ్ అను సంస్థవారు ఇందుకొక యేర్పాటు చేసికొనిరి. తాము సందేశములు పంపుకొను చోట కృతజ్ఞతలకే యొక స్థలము నుంచిరి. ఎవరైనను ఎవరికైనను అందఱు చూచునట్లు అచ్చట ధన్యవాదములు చెప్పవచ్చును.

అయితే "బాగుగా చేసితిరి" అని ఊరక యనుట చాలదు. ఏ పని చేసిరో, దానివలన నెవరికేమి మేలు కలిగెనో చెప్పవలెను. మాటకారులను విడిచి, మౌనముగా పనిచేయువారిని వెదకవలెను. వంతులవారీగా పొగడుకొన్నచో నది ముఖస్తుతియే యగును.

సోదరీమణులారా! మీ మేలు నొకరు చెప్పుదురని వేచియుండక, నేడే మీ తోడి యుద్యోగిని చేసిన మేలొకటి పదుగురి యెదుట వ్రాయుడు. ఆ రెండు వాక్యములే రేపామెకు సాక్ష్యమగును.