పెండ్లి బజారుకు పట్నం పోయేముందు

సారంగాపూర్ మండలంలో ఏ ఇంట్లో పెండ్లి కుదిరినా కొనేవాటి జాబితా రెండుగా చీలుతుంది. కొన్ని జగిత్యాలలోనో కోరుట్లలోనో అయిపోతాయి. మిగిలినవాటికి ఇంట్లో నలుగురు కలిసి పట్నం బస్సెక్కుతారు. మొదటిసారి వెళ్లేవారికి హైదరాబాద్ బజార్లన్నీ ఒకటే రద్దీగా కనిపిస్తాయి. కానీ అక్కడ దేని వీధి దానికి ఉంది. ఏ సరుకు ఎక్కడ దొరుకుతుందో, ధర ఎలా కడతారో తెలుసుకొని వెళ్తే సగం అలసట తగ్గుతుంది.

ముందు దారి సంగతి. జగిత్యాల నుంచి వచ్చే చాలా బస్సులు సికింద్రాబాద్ జూబ్లీ బస్టాండు జేబీఎస్‌కు చేరతాయి. అక్కడి నుంచి మహాత్మాగాంధీ బస్టాండు ఎంజీబీఎస్ దాకా 2020 ఫిబ్రవరిలో మెట్రో మొదలైంది. ఆ లైనులో ఎంజీబీఎస్‌కు ముందు స్టేషన్ సుల్తాన్‌బజార్. అక్కడ దిగితే కోఠి బజారు నడిచిపోయేంత దూరమే. చార్మినార్ వెళ్లాలంటే ఎంజీబీఎస్‌లో దిగి ఆటో ఎక్కాలి. 2023 డిసెంబర్ నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఛార్జీ లేదు. కాబట్టి ఇంటి ఆడవాళ్లందరూ కలిసి వెళ్లడం ఇప్పుడు మునుపటంత ఖర్చు కాదు.

ఒకే సరుకు అమ్మే దుకాణాలు పక్కపక్కనే ఎందుకుంటాయన్నది కొత్తవారికి మొదట వచ్చే అనుమానం. పోటీదారుడి పక్కనే దుకాణం పెడితే గిరాకీ పంచుకోవాల్సి వస్తుంది కదా? వస్తుంది. కానీ గాజులకు ఫలానా వీధి అని పేరు పడ్డాక కొనేవాళ్లు నేరుగా అక్కడికే వస్తారు. ఒంటరిగా ఎక్కడో ఉన్న దుకాణానికి అంతమంది రారు. సరుకు తెచ్చేవాడు, మరమ్మతు చేసేవాడు, పనివాళ్లు కూడా అదే వీధిలో దొరుకుతారు. మన వారపు అంగడిలో కూరగాయలు ఒక వరుసన, ఎడ్లు ఇంకో దిక్కున ఉండేదీ ఇందుకే. జగిత్యాల నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్లు దుబాయి దేరాలో చూసే గోల్డ్ సూక్ కూడా ఇదే పద్ధతిలో ఉంటుంది.

దీనివల్ల కొనేవారికి ఒక మేలుంది. పది అడుగులు వేస్తే పక్క దుకాణం ధర తెలుస్తుంది. అందుకే వీధిలోకి పోగానే కొనవద్దు. ఒక కొస నుంచి ఇంకో కొసకు ధరలు అడుగుతూ నడవండి. బేరం చేసే బలం అక్కడే వస్తుంది.

చార్మినార్‌కు పడమర వైపు వీధి లాడ్ బజార్. లక్క గాజులకు అది పెట్టింది పేరు. లక్క అంటే ఒక రకం పురుగు చెట్టు కొమ్మల మీద వదిలే జిగురు. దాన్ని నిప్పుల మీద మెత్తబరచి, పొడవుగా సాగదీసి, గుండ్రంగా చుడతారు. వేడి ఆరకముందే ఒక్కొక్క రాయిని పట్టుకారుతో తీసి అద్దుతారు. ఆలస్యమైతే లక్క గట్టిపడి రాయి పట్టదు. ఆ పని దగ్గర నిలబడి చూస్తే గాజుల ధరలో చేతిపని వాటా ఎంతో తెలుస్తుంది. 2024లో హైదరాబాద్ లక్క గాజులకు జీఐ (ఒక ప్రాంతపు ప్రత్యేక వస్తువుకు చట్టం ఇచ్చే గుర్తింపు) దక్కింది. అప్పటి నుంచి ఎక్కడో చేసినవాటిని ఆ పేరుతో అమ్మడం కుదరదు. ఇంటికి తెచ్చాక ఈ గాజులను పొయ్యి దగ్గర పెట్టకండి, కింద పడనీయకండి. వేడికి మెత్తబడతాయి, పడితే పగులుతాయి.

గాజుల దుకాణంలో మొదటి ప్రశ్న కొలత గురించే. 2-4, 2-6, 2-8 అంటారు. ఇవి దశాంశాలు కావు. అంగుళాన్ని 16 భాగాలు చేసిన పాత లెక్క. 2-4 అంటే గాజు లోపలి వెడల్పు రెండు అంగుళాల మీద నాలుగు భాగాలు, అంటే రెండుంపావు అంగుళాలు. 2-8 అంటే రెండున్నర. ఒక సైజుకూ తర్వాతి సైజుకూ తేడా మూడు మిల్లీమీటర్లే. కానీ ఆ మూడు మిల్లీమీటర్లతోనే గాజు చేతికి ఎక్కకుండా పోతుంది. పెండ్లికూతురు వెంట రాకపోతే ఆమె గాజు ఒకటి తెచ్చుకోవడం మంచిది.

బేగంబజార్ తీరు వేరు. రెండో నిజాం భార్య హందా బేగం వ్యాపారులకు ఇచ్చిన స్థలమని దానికి ఆ పేరు. గిన్నెలు, డ్రైఫ్రూట్స్, మసాలా దినుసులు, పెండ్లికి వచ్చినవారికి ఇచ్చే చిన్న కానుకలు అక్కడ హోల్‌సేల్‌గా దొరుకుతాయి. హోల్‌సేల్‌లో ధర కొనే సంఖ్యను బట్టి మారుతుంది. దుకాణదారు ఒక్కో వస్తువు మీద తక్కువ లాభం వేసుకుని, ఎక్కువ అమ్మి సంపాదిస్తాడు. కాబట్టి ఒక్క గిన్నెకు బేరం చేస్తే ఓపిక పట్టడు. డజన్లలో, గ్రోసుల్లో (గ్రోసు అంటే 12 డజన్లు) అడిగితే ధర దానంతట అదే దిగుతుంది. రెండు మూడు ఇళ్లవాళ్లు కలిసి జాబితా రాసుకొని పోతే లాభం. ఇక్కడ సరుకు మార్పిడి కష్టం కనుక, కట్ట కట్టకముందే విప్పి చూసుకోవాలి.

కోఠిలోని సుల్తాన్‌బజార్ రోజువారీ బట్టలకు, పెట్టికోట్లకు, కుట్టుసామానుకు బాగుంటుంది. 1933 దాకా అది బ్రిటిష్ రెసిడెన్సీ (ఆంగ్లేయుల ప్రతినిధి కార్యాలయం) కింద ఉన్న రెసిడెన్సీ బజార్. 1901లో పుట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం ఇప్పటికీ అదే పేటలో ఉంది. తెలుగు చదివేవారు ఒకసారి లోపలికి పోయి రావాలని నా కోరిక. 

ఇక నగలు. చార్మినార్ నుంచి మదీనా కూడలి వైపు వచ్చే దారిలో పత్తర్‌గట్టి రాతి కమానుల కింద ముత్యాల దుకాణాలున్నాయి. 1908 మూసీ వరద తర్వాత, 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి బోర్డు కట్టించిన వరుస అది. ఇప్పుడు అమ్మే ముత్యాల్లో ఎక్కువ భాగం చైనాలో పెంచిన మంచినీటి ముత్యాలు. అది మోసం కాదు. కానీ సముద్రపు ముత్యం ధర మాత్రం వాటికి ఇవ్వకూడదు. ఏ ముత్యమో బిల్లు మీద రాయించుకోవాలి.

బంగారం గ్రాము ధర పట్నంలోనూ జగిత్యాలలోనూ ఇంచుమించు ఒకటే. తేడా వచ్చేది తరుగులో (నగ చేసేటప్పుడు పోయే బంగారం కింద వేసే శాతం), మజూరీలో (చేతికూలి). నగ మూడు తులాలు, అంటే 30 గ్రాములు అనుకుందాం. ఒక దుకాణం 10 శాతం తరుగు, ఇంకొకటి 16 శాతం వేస్తే తేడా 1.8 గ్రాముల బంగారం ధర. దుకాణం హంగు చూసి ఈ లెక్క మరిచిపోతే నష్టం మనకే. హాల్‌మార్క్ నగ మీద బీఐఎస్ గుర్తు, 22కె916 వంటి నాణ్యత సంఖ్య, హెచ్‌యూఐడీ (ఒక్కో నగకు ఇచ్చే ఆరు అక్షరాంకెల గుర్తింపు) ఉండాలి. ఆ హెచ్‌యూఐడీని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే నగ వివరాలు వస్తాయి.

ఇదంతా చూశాక నా మాట ఇది. గాజులకు, కానుకలకు, ముత్యాలకు పట్నం పోవడంలో అర్థముంది. అక్కడ దొరికే రకాలు మన దగ్గర దొరకవు. పుస్తెలతాడు, మట్టెలు, కొలతలు సరిచేయించుకోవాల్సిన జాకెట్లు మాత్రం జగిత్యాలలోనో కోరుట్లలోనో తీసుకోండి. వదులైనా బిగుతైనా మర్నాడే వెళ్లి మార్పించుకోవచ్చు.