గాయపడిన పసిమనస్సు కోలుకొంటున్నదా?

జ్వరం తగ్గినదో లేదో చెప్పడానికి థర్మామీటరు ఉన్నది. హింసను కళ్ళారా చూచి భయంతో గాయపడిన పిల్లవాని మనస్సు కోలుకొంటున్నదో లేదో తెలుసుకోవడం ఎట్లా? అధ్యాపకులమైన మాకు ఇది కేవలం శాస్త్ర విషయం కాదు. అల్లరి చేయక, అడిగినదానికి మాత్రమే బదులు చెప్పి, చివరి బెంచీలో కూర్చొనే విద్యార్థి ప్రతి తరగతిలోను ఒకడుంటాడు. అతడు బుద్ధిమంతుడని తలచి మేము హాజరుపట్టీ మూసివేస్తాము.

అమెరికాలో లాస్ ఏంజిలిస్ నగరపు తూర్పు ప్రాంతంలోని రెండు పాఠశాలల్లో జరిగి, 2003లో ప్రకటితమైన ఒక పరిశోధన ఈ విషయంలో మా కళ్ళు తెరిపించింది. హింసకు లోనై, ఆ భయం ఇంకా వీడని 126 మంది ఆరవ తరగతి పిల్లలను చీటీలు తీసిన రీతిగా రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు వెంటనే, రెండవదానికి కొన్ని నెలల తరువాత, బడిలోనే పది సమావేశాల చికిత్స జరిపారు. భయాన్ని అదుపు చేసుకోవడం, జరిగినదానిని మాటల్లో పెట్టడం అందులో ముఖ్యాంశాలు.

వారు వాడిన కొలమానం సామాన్యమైనదే. పీడకలలు వస్తున్నవా, ఆ సంఘటనను గుర్తుచేసే చోట్లకు పోకుండా తప్పించుకొంటున్నావా, ఇట్టి ప్రశ్నలు 17. ఒక్కొక్కదానికి సున్న నుండి 3 వరకు, మొత్తం 51 మార్కులు. మన పరీక్షలవలె కాక, ఇక్కడ మార్కులు తగ్గడమే ఉత్తీర్ణత! మొదట ఇరు జట్ల సగటు 24 ప్రాంతంలో ఉండినది. మూడు నెలలకు చికిత్స పొందినవారిది 8.9, పొందనివారిది 15.5. చికిత్స లేకనే రెండవ జట్టుకు కూడ కొంత తగ్గిన సంగతి గమనార్హం. పోల్చి చూచే జట్టు లేకుంటే ఆ తగ్గుదల అంతా చికిత్స ఖాతాలోనే పడేది.

తల్లిదండ్రులూ మార్పును గుర్తించారు. ఉపాధ్యాయులో? అల్లరి, బిడియం, చదువు, ఈ మూడింటిలోను రెండు జట్ల మధ్య చెప్పుకోదగిన భేదం వారికి కనబడలేదు.

చదువులో మార్పుకు మూడు నెలలు చాలవని సమాధానం చెప్పవచ్చు. కాని రాత్రి వచ్చే పీడకల పగటి తరగతిలో కనబడదు గదా! కాబట్టి పిల్లవాని ప్రగతిని ప్రోగ్రెసు కార్డునుండి ఊహించక, అతనినే అడగాలని మా అభిప్రాయం. చికిత్సకు ముందు, మధ్యలో, ముగిసిన కొన్ని నెలలకు, ప్రతిసారీ అవే ప్రశ్నలు అడగాలి. మధ్యలో అడగడం మరీ ముఖ్యం. అంకెలు తగ్గక పెరుగుతున్నవానిని జట్టులోనే వదలివేయక, వేరుగా కూర్చోబెట్టుకొని మాట్లాడి, అవసరమైతే వైద్యునివద్దకు పంపాలి. ఆ కాగితాలు స్టాఫ్ రూములో చేతులు మారరాదు. తన జవాబులు ఎవరు చదువుతారో తెలియని పిల్లవాడు అన్నిటికీ సున్నలే పెడతాడు.