ఆగవలసిన చోటు

ఎర్రగుంట్లనుండి ప్రొద్దుటూరు, జమ్మలమడుగుల మీదుగా నంద్యాల చేరే 123 కిలోమీటర్ల రైలుమార్గం 1996-97లో మంజూరైనది. దానిపై రైలు నడచినది 2016 ఆగస్టులో. పులివెందులకు నేటికీ రైలు లేదు. ముద్దనూరు వంటి స్టేషనుకు పోయి ఎక్కవలసినదే. అట్టి పులివెందుల విద్యార్థి నేడు కంప్యూటరు ముందు కూర్చొని, ముద్దనూరునుండి తన ఊరికి అరగంటలో పట్టాలు పరచుకొనగలడు. 1994లో క్రిస్ సాయర్ రచించిన 'ట్రాన్స్‌పోర్ట్ టైకూన్' ఆటను అనుసరించి 2004లో వెలువడిన 'ఓపెన్ టీటీడీ' అందుకు వీలు కల్పించినది. అది ఉచితంగా లభించే ఆట.

పట్టాలు పరచుట సులభమే. చిక్కంతా సిగ్నళ్ల వద్ద వస్తుంది. రైలును ఆపుటకే సిగ్నలున్నదని సామాన్యుల తలంపు. దారిని భాగాలుగా విభజించి, ఒక్కొక్క భాగంలో ఒక్క రైలునే ఉండనిచ్చుట దాని అసలు పని. సిగ్నళ్లు దగ్గరగా ఉంటే రైళ్లు ఒకదాని వెంట ఒకటి త్వరగా సాగగలవు. అయితే దారి పొడుగునా దగ్గరగా నాటి, ఒక్కచోట మాత్రం దూరం విడిస్తే ఆ శ్రమ వృథా. కె.సి. కాలువ క్రింది రైతుకు ఈ సంగతి చెప్పనక్కరలేదు. కాలువ ఎంత వెడల్పైనా పొలానికి పారే నీరు తూము కొలదే కదా!

అంతకంటె పెద్ద పొరపాటు కూడలి వద్ద జరుగుతుంది. రెండు దారులు కలిసిన చోటు దాటగానే సిగ్నలు నాటితే, రైలు ఇంజను అక్కడ ఆగుతుంది, తోక కూడలిపైనే ఉండిపోతుంది. ఒక్క రైలు నిలిస్తే రెండు దారులూ మూతపడతాయి. కనుక కూడలికి ముందు సిగ్నలుండవలె. దాటిన పిమ్మట నిండు రైలు పట్టేటంత చోటు విడిచి మరియొకటి ఉండవలె. ఆగిన రైలు ఇతరులకు అడ్డు రాని తావే సిగ్నలుకు తగిన తావు.

సింగిల్ లైనుపై ఎదురెదురు రైళ్లకు సిగ్నళ్ల సంఖ్య పెంచినా ప్రయోజనం లేదు. ఒకటి తప్పుకొని నిలుచుటకు లూపులైను కావలె. రెండు స్టేషన్ల నడుమ ప్రయాణం ఇరవై నిమిషాలైతే, గంటకు ఇరువైపుల కలిపి మూడు రైళ్లకు మించవు. నడుమ మరియొక లూపు వేస్తే ఆ లెక్క ఇంచుమించు రెట్టింపవుతుంది. ఎర్రగుంట్ల-నంద్యాల దారి వంటి మార్గాలలో చిన్న స్టేషన్ల విలువ ఇక్కడ తెలుస్తుంది. అక్కడ ఎక్కేవారు పదిమందే కావచ్చును. అక్కడ తప్పుకొనే రైలువల్ల దారి అంతా సాగుతున్నది.

ఆటకూ లోకానికీ ఒక భేదమున్నది. ఆటలో రైలు ఎర్రదీపం ముందు ఉన్నపళంగా నిలుస్తుంది. నిజమైన గూడ్సు బండి ఆగుటకు వందల మీటర్లు కావలె. అందుచేత మన రైల్వేలు, బహుళ సూచనలిచ్చే సిగ్నళ్లున్న మార్గాలలో కూడ, ముందు స్టేషను మొదటి ఆపుదల సిగ్నలుకు అవతల కనీసం 180 మీటర్లు ఖాళీగా ఉంటేనే వెనుక స్టేషనునుండి బండిని రానిస్తాయి. ఆటలో తప్పితే బొమ్మ రైళ్లు నిలిచిపోతాయి. ఇక్కడ తప్పితే పోయేవి ప్రాణాలు.

ఈ పాఠం చెప్పుటకు కంప్యూటరే అక్కరలేదు. నల్లబల్లపై రెండు గీతలు కలిపి, అగ్గిపెట్టెలను రైళ్లుగా చేసి, "ఈ బండి ఎక్కడ ఆగితే తక్కినవి సాగుతాయి?" అని ఉపాధ్యాయుడు అడిగితే చాలును. వేగంగా పోవుటెట్లో పిల్లలకు ఎవరైనా చెబుతారు. ఎక్కడ ఆగవలెనో ఆలోచించుట ఆ ప్రశ్నతో మొదలవుతుంది.