ఉద్యోగపు గుమ్మమున తమిళము
కోవిల్‌పట్టి, విరుదునగర ప్రాంతములలో అగ్గిపెట్టెల పని ఒకప్పుడు పిల్లలను బడికి దూరము చేసెను. 1986 నాటి బాలకార్మిక చట్టము దానిని నిషేధించినది. నేటి అడ్డంకి వేఱు. 2006 చట్టముతో బడులలో తమిళము తప్పనిసరి కాగా, అల్పసంఖ్యాక భాషా విద్యార్థులకు పదవ తరగతి పరీక్షలో న్యాయస్థానములు మినహాయింపు నిచ్చినవి. అందులకు మేము పూర్తిగా సంతోషింపజాలము. 2021 డిసెంబరు ఉత్తర్వు ననుసరించి రాష్ట్ర ప్రభుత్వోద్యోగ పరీక్షలలో తమిళ పత్రమున నూటికి 40 మార్కులు రానిదే తక్కిన పత్రములు దిద్దరు. బడిలో తప్పించుకొన్న తమిళము అచ్చట ఎదురు నిలుచును.

అట్లని తెలుగు విడువ నేల? కోవిల్‌పట్టి చెంత ఇడైసేవల్‌లో తెలుగింట పుట్టిన కి. రాజనారాయణన్ మన వలసకథను తమిళమున వ్రాసి 1991లో సాహిత్య అకాడమీ బహుమానము నందెను. వీధిలో మాటలాడు తమిళము పరీక్షకు చాలదు. ఆరవ తరగతినుండియే దినమున కొక పుట వ్రాయవలెను.