పడకగది సాకెట్లు: మూడవ రంధ్రం అలంకారం కాదు

పడకగదిలో సాకెట్లు ఎన్ని, ఎక్కడ అన్నది సాధారణంగా ఎలక్ట్రీషియన్ ఇష్టానికే వదిలివేయబడుతున్నది. అయితే దీనికి ప్రమాణాలున్నవి. భారతీయ ప్రమాణాల సంస్థ వెలువరించిన జాతీయ విద్యుత్ స్మృతి 2011 ప్రచురణ పడకగదికి చిన్న సాకెట్లు రెండు లేక మూడు, పెద్దది ఒకటి, ఏ.సి.కి వేరుగా ఒకటి సూచించింది. పొడవాటి వైర్లు మంచాల కింద పాకే అవసరం రాకూడదన్నదే ఇందలి ఉద్దేశం. నూతన నిర్మాణాలకు 2023 నాటి సవరించిన ప్రచురణను పరిశీలించవలసి ఉంటుంది.

6 ఆంపియర్ల సాకెట్ 230 వోల్టుల వద్ద 1,380 వాట్లకు మించి భరించజాలదు. 2,000 వాట్ల హీటరును కన్వర్టర్ ప్లగ్గుతో దానికి తగిలించడం వైరును కాల్చుకోవడమే.

అసలు సమస్య పైనున్న పెద్ద రంధ్రం. సాకెట్లు త్రీపిన్ రకమై, ఆ రంధ్రం ఎర్తింగ్‌కు శాశ్వతంగా కలపబడి ఉండాలని స్మృతి నిర్దేశించింది. ప్లగ్గులో ఎర్త్ పిన్ను పొడవుగా ఉండడానికి కారణం అది అందరికంటే ముందు తాకి, చివర విడిపోవలెననే. అనేక పాత ఇళ్ళలో ఈ రంధ్రానికి వైరే ఉండదు. కొన్నిచోట్ల దానిని న్యూట్రల్‌తో కలిపివేస్తున్నారు. ఇది మరింత ప్రమాదకరం. న్యూట్రల్ ఎక్కడైనా తెగితే ఇనుప కూలర్ బాడీకే కరెంటు వస్తుంది.

ఎం.సి.బి. ఉన్నది కదా అన్న ధీమా సరికాదు. అది వైరును కాపాడుతుంది, మనిషిని కాదు. మనిషిని కాపాడేది ఆర్.సి.సి.బి. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023 భద్రతా నిబంధనల ప్రకారం గృహ కనెక్షన్లకు ఇది 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకి మించకుండానే సరఫరాను నిలిపివేయాలి. 6 ఆంపియర్ల ఎం.సి.బి. స్థాయిలో ఇది రెండు వందలవ వంతు మాత్రమే. ఎర్తింగ్ సరిగా ఉంటే లీకేజీ మొదలవగానే ఆర్.సి.సి.బి. పడిపోతుంది. లేనిచో ఎవరో ఒకరు తాకేవరకు అది వేచి ఉంటుంది. కూలర్ తాకి సంభవించే మరణాలను పత్రికలలో ‘షార్ట్ సర్క్యూట్’గా వ్రాయడం పరిపాటి అయినది. వాటిలో అధికభాగం లీకేజీ ప్రమాదాలే.

పిల్లలకు అందే సాకెట్లకు ప్లగ్గు తీయగానే మూసుకునే షట్టర్లు ఉండాలి.

వైరింగ్ పనులు లైసెన్సు పొందిన కాంట్రాక్టరుచే మాత్రమే చేయించాలి. ప్రభుత్వ క్వార్టర్లు, వసతిగృహాల తనిఖీలో అధికారులు సాకెట్ల సంఖ్యతో సరిపెట్టక, ఎర్త్ కొనసాగింపును మీటరుతో పరీక్షింపజేయాలి. ఆర్.సి.సి.బి.పై ‘టి’ అక్షరంతో ఉండే టెస్ట్ బటన్ నొక్కి చూడటం ఎవరైనా చేయదగినదే. నొక్కినా మీట పడకపోతే ఆ పరికరాన్ని వెంటనే మార్పించాలి.