రైలు దిగి, కారెక్కి...

పిల్లలూ! ఫ్రాన్సు రాజధాని పారిస్ నుంచి స్పెయిన్‌లోని కదకేస్ అనే ఊరికి వెళ్ళాలనుకోండి. ఆ ఊరు సముద్రపు ఒడ్డున, కొండల వెనుక దాగి ఉంటుంది. అక్కడికి రైలు మార్గం లేదు. మరి ఎలా వెళ్ళాలి?

"పారిస్‌లోనే కారు అద్దెకు తీసుకుంటే సరి!" అంటారు మీలో కొందరు. తొందరపడకండి. దారి తొమ్మిది వందల కిలోమీటర్ల పైమాటే. పైగా అక్కడ బండ్లు రోడ్డుకు కుడివైపున నడుస్తాయి. ఎడమవైపు నడపడానికి అలవాటుపడిన మనవాడు రోజంతా నడిపి అలసిపోతే, చీకటి పడేవేళ మలుపులో పొరపాటున ఎడమవైపుకు తిరిగాడంటే ఏమవుతుందో ఊహించండి. ఇక ఫ్రాన్సులో తీసుకున్న కారును స్పెయిన్‌లో వదిలిపెడితే అద్దెమీద పెద్ద మొత్తమే అదనంగా అడుగుతారు. ఎందుకంటే ఆ కారు ఫ్రాన్సులో రిజిస్టరయినది. ఎవరో ఒకరు దాన్ని వెనక్కు తీసుకుపోవాలి కదా!

తెలిసినవారు చేసే పని వేరు. సరిహద్దును రైలులో దాటుతారు. అవతలి దేశంలో దిగి, అక్కడి కారునే అద్దెకు తీసుకొని, తిరిగి అక్కడే అప్పగిస్తారు. పారిస్ నుంచి ఫిగెరెస్ అనే ఊరికి వేగపు రైలులో సుమారు ఐదున్నర గంటలు. అక్కడినుంచి కదకేస్‌కు కొండదారిలో ముప్పై అయిదు కిలోమీటర్లు మాత్రమే.

దూరానికి రైలు, కొండకు కారు ఎందుకు? చక్రంలోనే ఉంది జవాబు. గాలి అడ్డును పక్కన పెడితే, ఒక టన్ను బరువును చదునైన పట్టాలమీద నడుపుతూ ఉండడానికి రెండు కిలోల బరువంత బలం చాలు. రోడ్డుమీద టైర్లకు సుమారు పది కిలోలు కావాలి. టైరు తిరిగినప్పుడల్లా నలిగి, మళ్ళీ సాగి, వేడెక్కుతుంది. అలా కొంత శక్తి వృథా అవుతుంది. ఉక్కు చక్రం అంతగా నలగదు.

అయితే ఉక్కుకు ఉక్కుమీద పట్టు తక్కువ. దొర్లుడు ఘర్షణ వేరు, ఈ పట్టు వేరు. పరీక్షల్లో చాలామంది ఈ రెంటినీ కలిపేస్తారు! పట్టు చాలకపోతే చక్రం ఉన్నచోటే జారుతుంది. అందుచేత వంద మీటర్లకు మూడు మీటర్లు ఎక్కడమంటే మామూలు రైలుకు కష్టమే. రబ్బరు టైరున్న కారు పది మీటర్లయినా సునాయాసంగా ఎక్కుతుంది.

ఇప్పుడు సరిహద్దు సంగతి చూద్దాం. ఫ్రాన్సు పట్టాల మధ్య దూరం 1435 మిల్లీమీటర్లు. స్పెయిన్ పాత మార్గాలది 1668. మన బ్రాడ్ గేజి 1676 కదా, అంటే స్పెయిన్ గేజికి మన గేజికి ఎనిమిది మిల్లీమీటర్లే తేడా! (కొలిచి చూద్దామని పట్టాలమీదికి మాత్రం వెళ్ళకండి.) ఈ తేడావల్ల సరిహద్దులో ప్రయాణికులు రైలు మారవలసి వచ్చేది. ఒకప్పుడు గుంతకల్లులో మీటరు గేజి బండి దిగి బ్రాడ్ గేజి బండి ఎక్కిన మీ తాతగారిని అడగండి, ఆ అవస్థ చెబుతారు.

1969లో టాల్గో అనే స్పెయిన్ రైలు దీనికి చక్కని ఉపాయంతో వచ్చింది. మామూలు రైలులో రెండు చక్రాలూ ఒకే ఇరుసుకు బిగించి ఉంటాయి. టాల్గోలో ఏ చక్రానికి ఆ చక్రమే విడిగా తిరుగుతుంది. సరిహద్దులో రైలు నెమ్మదిగా ఒక ప్రత్యేకమైన మార్గంమీదుగా పోతుంది. పక్కనున్న దిమ్మెలు పెట్టె బరువును మోస్తాయి. బరువు తగ్గిన చక్రాల తాళాలు విడిపోతాయి. లోపలి పట్టీలు చక్రాలను కొత్త దూరానికి జరుపుతాయి. మళ్ళీ తాళాలు పడతాయి. పెట్టెలోని వారికి దిగే పనే లేదు!

2010లో ఫ్రాన్సులోని పెర్పిన్యాన్ నుంచి ఫిగెరెస్ వరకు 1435 గేజితోనే కొత్త మార్గం ప్రారంభించారు. పిరెనీస్ కొండలకింద ఎనిమిది కిలోమీటర్లకు పైగా సొరంగం తవ్వారు. 2013 చివరినుంచి పారిస్ రైళ్ళు నేరుగా బార్సిలోనా వరకూ పోతున్నాయి. దారిలో కరెంటు మాత్రం మారుతుంది. వేగపు మార్గాల్లో 25,000 వోల్టుల ఏకాంతర విద్యుత్తు, పెర్పిన్యాన్‌కు ముందున్న పాత మార్గంలో 1500 వోల్టుల ఏకముఖ విద్యుత్తు. ఇంజనులో రెంటికీ తగిన ఏర్పాటుంది.

ఫిగెరెస్‌లో దిగినవారు కారు తాళాలు అందుకొనే ముందు మన లైసెన్సుతోపాటు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిటు కూడా చూపవలసి ఉంటుంది. గేరు కర్ర కుడిచేతి వైపున ఉంటుంది. స్టేషను ఆవరణలోనే రెండు చుట్లు తిరిగి చెయ్యి అలవాటు చేసుకొని, ఆ తరువాతే కొండదారి పట్టడం మంచిది.