నాన్న సైకిల్ తూకానికి వేసేముందు...

చాలా ఇళ్లలో మెట్ల కింద ఓ పాత సైకిల్ ఉంటుంది. దానిమీద గోనెసంచులూ, పగిలిన బకెట్లూ. పారేయడానికి మనసొప్పదు, తుడవడానికి తీరిక ఉండదు. శంషాబాద్‌లో మా ఇంట్లోనూ అంతే. మా నాన్నగారు ఏళ్ల తరబడి రాజేంద్రనగర్‌కి ఉద్యోగానికి వెళ్లొచ్చిన నల్ల సైకిల్ అది. అప్పట్లో ఇక్కడ విమానాల మోత లేదు. ఎయిర్‌పోర్టు వచ్చింది 2008లో కదా! పోయిన వేసవిలో పాత ఇనప సామాన్ల బండి వస్తే ఇచ్చేద్దామనుకున్నాం. "ఇవ్వొద్దు, నేను తొక్కుతా" అంటూ అడ్డుపడింది మా అమ్మాయి. సరే, తొక్కనిద్దాం. కానీ పిల్లని ఎక్కించేముందు ఆ ఫ్రేములో ఇనుము ఎంత మిగిలిందో చూసుకోవద్దూ?

పైకి కనిపించే తుప్పుతో అంత భయం లేదు. అసలు దొంగ లోపలుంటుంది. స్టీలు ఫ్రేమంటే బోలు గొట్టాలే. వానలో నిలబెట్టినప్పుడు సీటు కడ్డీ దిగే సందులోంచి నీళ్లు లోపలికి జారతాయి. జారినవి పెడళ్లు తిరిగే చోట, అన్నిటికన్నా కిందున్న గొట్టంలో చేరి నిలిచిపోతాయి. పైన పెయింటు నిగనిగలాడుతున్నా లోపల గొట్టం పలచబడుతూనే ఉంటుంది. శుభ్రం చేస్తున్నామనుకుని పైపుతో నీళ్లు కొట్టేవాళ్లు కూడా ఈ పనే చేస్తున్నారు!

ముందుగా సైకిల్ని తలకిందులుగా పెట్టి, కింది భాగం, గొట్టాలు కలిసే అతుకులు చూడండి. పెయింటు బుడగల్లా ఉబ్బిన చోట స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా నొక్కండి. గట్టిగా తగిలితే బతికినట్టే. మెత్తగా నొక్కుకుపోయినా, చిల్లు పడినా ఇక దానిమీద ఆశ వదులుకోండి. వెల్డింగ్ పెట్టిస్తే సరిపోతుందంటారు కొందరు. పలచబడిన గొట్టానికి వెల్డింగ్ పట్టినా పక్కనే విరగొచ్చు. నేనైతే పిల్లల్ని ఎక్కించను.

బాగుందనుకుంటే తుప్పు ఉన్నంతమేర ఉప్పుకాగితంతో మెరిసే ఇనుము కనిపించేదాకా రుద్దాలి. తర్వాత టర్పెంటైన్ గుడ్డతో జిడ్డు తుడిచి, ఆరగానే రెడాక్సైడ్ పూయాలి. మర్నాటిదాకా ఆగొద్దు, మన వానాకాలం చెమ్మకి రాత్రికి రాత్రే మళ్లీ ఎర్రబడుతుంది. అది ఎండాక పైన నల్ల ఎనామిల్ రెండు పూతలు. హ్యాండిల్ మీద మాత్రం ఉప్పుకాగితం పెట్టకండి, మెరుగు పోతుంది. అల్యూమినియం ఫాయిల్‌ని ఉండచేసి, నీళ్లలో తడిపి మెల్లగా రుద్దితే చాలు.

ఇక లోపలి సంగతి. సీటు కడ్డీ బయటికి లాగి, సైకిల్ బోర్లించి ఒకరోజు ఎండలో ఉంచండి. నీళ్లన్నీ కారిపోతాయి. పెడళ్ల దగ్గరి గొట్టాన్ని సైకిల్ షాపులో విప్పించి, తుడిపించి, కొత్త గ్రీజు పెట్టించండి. అది మళ్లీ బిగించేలోపే పెయింటు షాపుల్లో దొరికే బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్, అదే కాచిన అవిసె నూనె, కొద్దిగా గొట్టంలో పోసి, ఫ్రేముని అటూ ఇటూ తిప్పాలి. మిగిలింది వంపేసి కొద్దిరోజులు ఆరనిస్తే లోపల పొరలా గట్టిపడుతుంది. సీటు కడ్డీకి గ్రీజు రాసి దింపితే నీళ్లూ దిగవు, కడ్డీ పట్టేయదు. రిమ్ముల మీద మాత్రం నూనె పడనివ్వకండి, బ్రేకు పట్టదు.

ఇదంతా చాదస్తమనుకునేరు! మా ఊళ్లో ఎయిర్‌పోర్టు హ్యాంగర్లున్నాయి, విమానాలు విప్పి చూస్తారక్కడ. విమానాల్లోనూ కంటికి కనిపించని సందుల్లో తుప్పు కోసం వెతుకుతారు, పట్టకుండా లోపల మందు స్ప్రే చేస్తారు. అల్యూమినియం కాబట్టి ఎర్రగా కాకుండా తెల్లపొడిలా పడుతుంది, అంతే తేడా.

మా అమ్మాయి ఇప్పుడు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో వేసిన సోలార్ కప్పు ట్రాక్ మీదికి వెళ్తానంటోంది. గేరు సైకిళ్ల మధ్య తాతగారి బండి! వెళ్లనీ.

అన్నట్టు, లిన్సీడ్ ఆయిల్ తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయకండి. ఆరేటప్పుడు వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. ఆరుబయట విడివిడిగా పరిచి, బాగా ఎండాకే చెత్తబుట్టలో వేయండి.